సున్నా మైళ్ల దూరంలో జరిగిన అమ్మకం

మంగళవారం ఉదయం తొమ్మిది నలభైకి బెల్‌హామ్ కౌంటీ కోర్టు భవనం రెండో అంతస్తులో వెర్నెల్ మంగిన్ పన్ను అప్పీలు విచారణకు వచ్చింది. గదిలో ముగ్గురు బోర్డు సభ్యులు, కౌంటీ తరఫున భూముల విలువ కట్టే మదింపుదారు ఒకడు, బల్ల మీద ఒక రికార్డరు. ఆమెకు కేటాయించింది ముప్పై నిమిషాలు.

తగవు మే నెలలో వచ్చిన నోటీసుతో మొదలైంది. కౌంటీలోని ఒక దీవి మీద మంగిన్ కుటుంబానికి ఉన్న తొమ్మిది ఎకరాల విలువను కౌంటీ ఒక్క ఏడాదిలో లక్షా తొంభై ఎనిమిది వేల డాలర్ల నుంచి ఐదు లక్షల డెబ్బై ఆరు వేలకు పెంచింది. వయసు మళ్లినవారికిచ్చే సొంతింటి పన్ను మినహాయింపును వెర్నెల్ జూన్‌లో సంపాదించింది. దస్తావేజు మీద తన పేరు లేకపోయినా తాను వారసురాలినని, ఆ ఇంట్లోనే ఉంటున్నానని ప్రమాణ పత్రాలు ఇచ్చింది. కానీ ఆ మినహాయింపు ఇంటికీ, ఇంటి కింద ఉన్న ఒక ఎకరానికీ మాత్రమే. మిగతా ఎనిమిది ఎకరాలకు కట్టాల్సిన పన్ను ఆమె ఐదు నెలల పింఛను. భూమి నిలవాలంటే విలువ తగ్గాలి. తగ్గించగలిగేది ఈ బోర్డు.

భూమిని 1884లో కొన్నది ఆమె ముత్తాత ప్రిన్స్ మంగిన్. ఆయన వీలునామా రాయలేదు. ఆయన పిల్లలూ రాయలేదు. దస్తావేజు ఇప్పటికీ ఆయన పేరునే ఉంది. వాటాలు కాగితం మీదే, నేల మీద హద్దు లేదు. ఏ వారసుడైనా తన వాటా అమ్ముకోవచ్చు. కొన్నవాడు కోర్టుకెళ్లి మొత్తం భూమిని అమ్మించమని అడగొచ్చు. ఈ సంగతి ఉచిత న్యాయసహాయం లాయరు చెప్పిన ఏడాది, జూలైలో కుటుంబమంతా కలిసినప్పుడు, వాటా అమ్మబోమని నలభై ముగ్గురు బైబిల్ చివరి పేజీలో సంతకాలు పెట్టారు. మొదటి సంతకం వెర్నెల్ తమ్ముడు లెమ్యుయెల్‌ది. పెన్ను తెచ్చిందీ అతనే.

గత అక్టోబరులో మూడేళ్ల బకాయి కింద భూమి పన్నుల వేలం జాబితాకెక్కింది. పదహారో తేదీన ఎవరో వచ్చి ఎనిమిది వేల తొమ్మిది వందల డాలర్లు నగదుగా కట్టి వెళ్లారు. చర్చి కట్టిందని వెర్నెల్ నమ్మింది. ఆ ఆదివారం చర్చి అంతటికీ టమాటాలు వేసిన ఎర్రన్నం, రొయ్యలు వండి పెట్టింది. పాస్టరుకు కృతజ్ఞతలు చెబితే ఆయన "అంతా ప్రభువుకే తెలుసమ్మా" అన్నాడు. అది అణకువ అనుకుంది. లెమ్యుయెల్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

మంగళవారం ఆమెను ట్రక్కులో తీసుకొచ్చింది కూడా అతనే. వయసు అరవై నాలుగు, రొయ్యల పడవ నడుపుతాడు. విచారణ గది తలుపు దగ్గర ఆగిపోయాడు.

"లోపలికి రారా లెమ్. పక్కన కూచుంటే చాలు."

"నా బట్టలు రొయ్యల వాసనక్కా. లోపలికొస్తే మన భూమి విలువ పడిపోద్ది."

"పడిపోవాలనే కదరా వచ్చింది."

"అయితే పడవ కూడా తెచ్చుండాల్సింది," అన్నాడు. ఆమె మధ్యాహ్నం తిండి సంచి ఒళ్లో పెట్టుకుని వరండా బెంచి మీద కూచున్నాడు.

బోర్డు సభ్యులు జడ్జీలు కారు. కౌంటీలో సొంత ఇల్లూ వాకిలీ ఉన్న మామూలు మనుషులు. అధ్యక్షుడు వెండెల్ స్ట్రిక్‌లాండ్‌కు ఇనుప సామాన్ల దుకాణం ఉంది. రికార్డరు మీట నొక్కి, "ముందు ఒక మాట నమోదు కావాలి," అన్నాడు. "నేను ఎనిమిదేళ్లు మిస్ వెర్నెల్ నడిపే బస్సులో బడికెళ్లాను. నన్ను రెండుసార్లు దారిలో దింపేశారు. ఎవరికైనా అభ్యంతరమా?"

"మూడుసార్లు బాబూ," అంది వెర్నెల్. "మూడోసారి నీ తమ్ముణ్ణి కిటికీలోంచి తోయబోయావు."

"సరే, మూడు అని రాసుకుందాం."

మదింపుదారు కోరీ ఆల్‌బ్రిటన్ ఆ ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. దీవి మీద జరిగిన ఐదు అమ్మకాల జాబితా అందరికీ పంచాడు. పక్కవాళ్ల స్థలాలు ఎంతకు అమ్ముడయ్యాయో చూసి ఈ స్థలానికి విలువ కట్టడం కౌంటీ పద్ధతి.

"మొదటి మూడూ వంతెన అవతల గేటు వేసిన కాలనీలోవి," అన్నాడు. "నీటి ఒడ్డు, తారు రోడ్డు, మురుగు పైపు అన్నీ ఉన్నాయి. అందుకని వాటిని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. ఐదోది లోపలి తట్టు స్థలం, ఎకరం ఇరవై ఆరు వేలు. కాకపోతే ఆ అమ్మకం పాతది. ఈవిడ భూమికి అన్ని విధాలా పోలింది నాలుగోది. అదే మట్టి, అవే ఓక్ చెట్లు, అదే మట్టిరోడ్డు. ముప్పాతిక ఎకరం, నలభై ఎనిమిది వేలు. అంటే ఎకరం అరవై నాలుగు వేలు. దాన్ని తొమ్మిదితో హెచ్చించాను."

రెండో సభ్యురాలు ఫిలిస్ గాడ్విన్ రిటైరైన నర్సు. "స్థలం చూశారా?" అని అడిగింది.

"రోడ్డు మీంచి చూశానండి."

"నాలుగోదాన్నా?"

"ఆ దారంతా చూశాను."

వెర్నెల్ కళ్లజోడు పెట్టుకుంది. జాబితాలో గడులున్నాయి: వరస సంఖ్య, తేదీ, విస్తీర్ణం, ధర, చివర ఒక అంకె. ఆమె వేలు పెట్టి వరసగా చదివింది.

"ఈ చివరి గడిలో అంకెలేంటి నాయనా?"

"మీ స్థలం నుంచి ఆ స్థలానికి ఉన్న దూరమండి. మైళ్లలో."

"మొదటిది నాలుగు పాయింట్ రెండు. సరిగ్గానే ఉంది, వంతెన దాటాక రెండో స్టాపు. ఐదోది ఒకటి పాయింట్ ఒకటి. అదీ నిజమే, పాత సున్నపు బట్టీ మలుపు. నాలుగోదానికి సున్నా పాయింట్ సున్నా అని ఉందేం?"

"కంప్యూటరుకి దూరం దొరక్కపోతే అలా సున్నా వేస్తుందండి."

"నువ్వు అడిగావా దాన్ని?"

"దేన్నండి?"

"కంప్యూటర్ని. నీకు దూరం దొరకలేదా, లేకపోతే ఉన్న దూరమే అంతేనా అని."

ఆల్‌బ్రిటన్ జాబితాను తన వైపు తిప్పుకున్నాడు.

"ముప్పై ఒక్క ఏళ్లు ఆ రోడ్డు మీద బస్సు నడిపాను," అంది వెర్నెల్. "ఏ గేటు ఎన్నో స్టాపో నాకు తెలుసు. మా గుమ్మానికి సున్నా మైళ్లలో ఉన్నది మా మెట్లే. ఈ ముప్పాతిక ఎకరం ఎక్కడుందో చూపించు. ఆ ఇంటి పిల్లలెవరో నేను చెప్తాను."

స్థలం నంబరు చదవమని గాడ్విన్ అడిగింది. జాబితాలో నంబరు లేదు. ఆల్‌బ్రిటన్ ల్యాప్‌టాప్ తెరిచాడు.

"సున్నా నలభై ఒకటి, సున్నా పదిహేడు."

స్ట్రిక్‌లాండ్ తన ముందున్న నోటీసు తిరగేశాడు. "అది ఈవిడ స్థలం నంబరు."

ఆల్‌బ్రిటన్ తెర మీద ఉన్నది రెండుసార్లు చదివాడు. "ఇది వాటా అమ్మకంలా ఉందండి. పన్నెండో వంతు. తొమ్మిది ఎకరాల్లో పన్నెండో వంతంటే ముప్పాతిక ఎకరం. విడి స్థలం కింద ఎక్కించినట్టున్నారు."

"ఎవరు ఎక్కించారు?"

"అది ఇక్కడ లేదండి."

"అన్ని విధాలా పోలిందన్నారు," అంది గాడ్విన్. "పోలదూ మరి! ఈవిడ భూమిని తీసుకెళ్లి ఈవిడ భూమి పక్కనే పెట్టారు."

మూడో సభ్యుడు నవ్వాడు. వెర్నెల్ నవ్వలేదు.

"అమ్మిందెవరు?"

"నా దగ్గర పేరు లేదండి. తేదీ, ధర అంతే. పోయిన అక్టోబరు పద్నాలుగు."

స్ట్రిక్‌లాండ్ గడియారం చూశాడు. "మిస్ వెర్నెల్, తెర మీద చూసినదాన్ని బట్టి నేను నాలుగోదాన్ని కొట్టేయలేను. నాకు కాగితం కావాలి. రికార్డుల గది కింది అంతస్తులోనే. ఇరవై నిమిషాలు విరామం ఇస్తాను. దస్తావేజు నకలు తెచ్చి ఇక్కడ పెట్టండి. అమ్మినవాళ్లెవరో, కొన్నవాళ్లెవరో, ఎంత వాటానో చదవండి. నమోదయ్యాక ఆ నాలుగోదాన్ని తీసేద్దాం."

"అమ్మినవాళ్ల పేరు కూడా చదవాలా?"

"పేరు కూడా."

అప్పుడు పది గంటల పన్నెండు నిమిషాలు.

తలుపు తెరుచుకోగానే లెమ్యుయెల్ లేచాడు. "అయిపోయిందా?"

"లేదు. మనవాళ్లెవరో వాటా అమ్ముకున్నారు. ఆ దస్తావేజు తేవాలి కింద నుంచి."

లెమ్యుయెల్ సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నేను తెస్తాలే అక్కా. నీ మోకాళ్లతో మెట్లెందుకు? కూచో ఇక్కడ."

"లిఫ్టు ఉందిగా. ఎవరై ఉంటారంటావు? ఫిలడెల్ఫియా వాళ్లా? ఆ రూఫస్ మీదే నా అనుమానం. బైబిల్లో సంతకం పెట్టేటప్పుడే చెయ్యి వణికింది వాడికి."

"రూఫస్‌కి వణుకుడు జబ్బు అక్కా."

"వణికిందా లేదా?"

"వణికింది."

ఆమె లిఫ్టు వైపు నడిచింది.

"అక్కా," అన్నాడు వెనక నుంచి.

"ఏంట్రా?"

"ఏం లేదు. త్వరగా రా. అన్నం చల్లారిపోద్ది."

రికార్డుల గదిలో ఉన్న గుమాస్తా పేరు జ్యువెల్. ఆదివారాలు చర్చిలో పాడుతుంది. "పెద్దమ్మా, మీరా! కూచోండి," అంటూ కుర్చీ లాగింది. వెర్నెల్ స్థలం నంబరు, తేదీ చెప్పింది. జ్యువెల్ నంబరు కొట్టి తెర చూసింది. టైపు చేస్తున్న చెయ్యి ఆగింది.

"నకలు కావాలా పెద్దమ్మా, చూస్తే సరిపోతుందా?"

"నకలు కావాలి. ముద్ర వేసి ఇయ్యి."

జ్యువెల్ కాగితాన్ని బోర్లించి ఇచ్చింది. వెర్నెల్ అక్కడే తిప్పి చదివింది.

పుస్తకం 412, పేజీ 88. విభజన జరగని పన్నెండో వంతు వాటా. కొన్నది హెరాన్ పాయింట్ హోల్డింగ్స్ అనే కంపెనీ. తేదీ అక్టోబరు పద్నాలుగు. అమ్మినది లెమ్యుయెల్ ప్రిన్స్ మంగిన్. కింద సంతకం. మొదటి అక్షరం కొసను కొక్కెంలా వంచడం అతనికి చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ అక్షరం అతనికి నేర్పింది వెర్నెల్.

ఆమె చేతిసంచిలోంచి ఇంకో కాగితం తీసింది. పాత బకాయి ఏమీ లేదని బోర్డుకు చూపించడానికి తెచ్చుకున్న పన్ను రసీదు. అక్టోబరు పదహారు. ఎనిమిది వేల తొమ్మిది వందలు. నగదు. రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"జ్యువెల్, పోయినేడాది చర్చి మా పన్ను కట్టిందా?"

"చర్చా? కప్పు కారుతుంటే బకెట్లు పెట్టి పాటలు పాడాం పెద్దమ్మా. ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను." ఆమె దస్తావేజు మీద వేలు పెట్టింది. "నలభై ఎనిమిది వేలకి అమ్మినట్టుంది. మిగతా డబ్బు ఏమైందో ఇందులో ఉండదు కదూ?"

"ఉండదండి. మంచినీళ్లు ఇమ్మంటారా?"

"వద్దు. ఇది పైకి తీసుకెళ్లకపోతే ఏమవుద్ది?"

"ఏమీ అవదు. పది నెలల నుంచి ఇక్కడే ఉంది. ఎవరైనా చూడొచ్చు. చూసినవాళ్లు లేరు, అంతే. పైన చదివారంటే మాత్రం ఊరంతా చూసినట్టే."

వెర్నెల్ కుర్చీలోనే ఉండిపోయింది. చదవకపోతే ఐదు లక్షల డెబ్బై ఆరు వేలు అలాగే నిలుస్తాయి. ఈ పన్ను కట్టడం తన వల్ల కాదు. కొన్నాళ్లకు భూమి మళ్లీ వేలం జాబితాలో ఉంటుంది. చదివితే విలువ తగ్గుతుంది. బైబిల్లో ఉన్న నలభై మూడు పేర్లలో మొదటి పేరు అందరి నోళ్లలో పడుతుంది. లెమ్యుయెల్ అమ్మకపోతే భూమి పోయిన నవంబరులోనే వేలానికి వెళ్లేది. అమ్మాడు కాబట్టి ఆగింది. అమ్మాడు కాబట్టే విలువ మూడింతలయింది. అమ్మాడు కాబట్టే ఒక కంపెనీకి ఇవాళ ఆ నేలలో తనకున్నంత హక్కు ఉంది. ఈ మూడూ ఒకే సంతకం కింద ఉన్నాయి. ఏ ఒక్కదాన్నీ విడిగా తీసి చూడటానికి లేదు.

గోడ గడియారంలో పది ఇరవై తొమ్మిది అయింది. ఆమె రెండు కాగితాలూ మడిచి లేచింది.

పైన వరండా బెంచి మీద తిండి సంచి ఉంది. లెమ్యుయెల్ లేడు. ఆమె సంచిని ముట్టుకోకుండా లోపలికి వెళ్లింది.

స్ట్రిక్‌లాండ్ రికార్డరు మీట నొక్కాడు. "దస్తావేజు దొరికిందా?"

"దొరికింది." ఆమె నిలబడే చదివింది. పుస్తకం, పేజీ, తేదీ, పన్నెండో వంతు, కంపెనీ పేరు.

"అమ్మినవారు?"

"లెమ్యుయెల్ ప్రిన్స్ మంగిన్."

మూడో సభ్యుడు రాసుకుంటున్నవాడు తలెత్తాడు.

"ఆయన మీకేమవుతారో చెప్పక్కర్లేదు మిస్ వెర్నెల్," అన్నాడు స్ట్రిక్‌లాండ్. "విలువకి దాంతో పని లేదు."

"నా తమ్ముడు. రాసుకోండి."

"సరే. ఇంకేమైనా ఇవ్వాలా?"

ఆమె రసీదు తీసి దస్తావేజు మీద పెట్టింది. "ఇది కూడా."

స్ట్రిక్‌లాండ్ దాన్ని చూశాడు. "ఇది పోయినేటి పన్ను రసీదు. మన తగవుకీ దీనికీ సంబంధం లేదు కదా."

"లేదని నాకూ తెలుసు బాబూ. ఆ దస్తావేజు మీ రికార్డులో ఎప్పటికీ ఉంటుందిగా. అది ఒక్కటే ఉండటానికి వీల్లేదు. చూసినవాళ్లు దీన్ని కూడా చూడాలి."

గాడ్విన్ రెండు కాగితాలూ తన వైపు తిప్పుకుంది. ఒక తేదీ మీద, తర్వాత రెండో తేదీ మీద వేలు పెట్టింది. వాటిని అధ్యక్షుడి ముందుకు జరిపింది.

"మొదటి పత్రం దస్తావేజు," అన్నాడు స్ట్రిక్‌లాండ్ రికార్డరు వైపు చూస్తూ. "రెండో పత్రం రసీదు. రెండూ చేర్చాం."

బోర్డు పది నిమిషాలు మాట్లాడుకుంది. నాలుగో అమ్మకాన్ని తీసేశారు. ఐదోదాన్ని ప్రమాణంగా తీసుకుని భూమి విలువను రెండు లక్షల ముప్పై నాలుగు వేలుగా ఖరారు చేశారు. ముగ్గురి మాటా ఒకటే. అదే విలువ తర్వాతి రెండేళ్లకూ వర్తిస్తుంది. ఉత్తర్వు పోస్టులో వస్తుంది. దాని మీద కౌంటీ పై కోర్టుకు వెళ్లాలనుకుంటే ముప్పై రోజుల గడువు ఉంది.

ఆల్‌బ్రిటన్ కాగితాలు సర్దుకుని ఆమె దగ్గరకు వచ్చాడు. "నేను అడిగుండాల్సిందండి."

"కంప్యూటర్నా?"

"అవునండి."

"ఈసారి దీవికొస్తే రోడ్డు మీద ఆగిపోకు. మెట్ల దాకా రా. కాఫీ ఇస్తాను."

స్ట్రిక్‌లాండ్ రికార్డరు ఆపేశాక, "మిస్ వెర్నెల్, ఆ కంపెనీ ఏం చేయగలదో మీకు..." అన్నాడు.

"తెలుసు," అంది.

వరండా ఖాళీగా ఉంది. ఆమె బెంచి మీద కూచుని సంచి తెరిచింది. అన్నం డబ్బా, చెంచా, చేతిరుమాలు. రుమాల్లో ట్రక్కు తాళంచెవి ఉంది. చీటీ ఏమీ లేదు.

ఆమె మెట్లు దిగి పార్కింగులోకి వెళ్లింది. ట్రక్కు ఉదయం ఆపిన చోటే ఉంది. గేటు దగ్గరున్న కాపలాదారును అడిగితే, టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి పదీ పావుకి వచ్చి ట్రక్కు తలుపు తీశాడని, లోపల ఏదో సర్దాడని, మళ్లీ భవనంలోకి వెళ్లి కాసేపటికి తిరిగొచ్చి రోడ్డు దాటి నడిచి వెళ్లాడని చెప్పాడు. ఎటు వెళ్లాడో చూడలేదన్నాడు.

అక్కడి నుంచి దీవికి పద్దెనిమిది మైళ్లు. బస్సు లేదు.

వెర్నెల్ తలుపు తీసింది. లెమ్యుయెల్ ఆరడుగుల మూడంగుళాలు. ఆమె ఐదడుగుల ఒక అంగుళం. డ్రైవరు సీటు ఆమె కాళ్లు పెడళ్లకు అందేంత ముందుకు జరిపి ఉంది. సమయం పదకొండు గంటల ఎనిమిది నిమిషాలు.